హైటెక్ సిటీ కింద మనుషులున్నారు: 'భద్రత' మీద ఒక విమర్శ

హైటెక్ సిటీ గురించి మాట్లాడే వాళ్ళ నోట మూడు మాటలు తరచుగా వినపడతాయి. నమ్మకం, జవాబుదారీతనం, భద్రత. ఎవరి నమ్మకం, ఎవరికి జవాబు, ఎవరి భద్రత అని మాత్రం అడిగేవాళ్ళు తక్కువ. అడగక తప్పదని మేం అనుకుంటున్నాం.

1998 నవంబరులో ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు, ఏడువేల కోట్ల రూపాయలకు పైగా లెక్కలు తారుమారయ్యాయని తానే ఉత్తరం రాసి ఒప్పుకున్నాడు. అప్పుడు రాజ్యం ఎంత చురుగ్గా కదిలిందో చూశాం. రోజుల్లోనే అరెస్టు, పాత బోర్డు రద్దు, కేంద్రం నియమించిన కొత్త బోర్డు. ఏప్రిల్ కల్లా కంపెనీ టెక్ మహీంద్రా చేతికి పోయింది. 2015లో కోర్టు ఏడేళ్ళ శిక్ష వేసింది. మదుపుదారుడి నమ్మకం పోతే సంతకం ఎవరిదో దొరుకుతుందన్నమాట.

2013 అక్టోబరులో మాదాపూర్‌లో క్యాబ్ ఎక్కిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిని ఎత్తుకుపోయి అత్యాచారం చేశారు. మరుసటేడు నేరస్తులకు శిక్ష పడింది, అక్టోబరులో షీ టీమ్స్ వచ్చాయి. రావాల్సినవే. ఆ బిడ్డకు దక్కిన న్యాయాన్ని మేం తక్కువ చెయ్యడం లేదు. ఆ న్యాయం రోడ్డు మీదనే ఎందుకు ఆగింది, రోడ్డు కిందికి ఎందుకు దిగలేదన్నదే మా ప్రశ్న.

2016 ఆగస్టులో అదే మాదాపూర్‌లో, హైటెక్ సిటీని ఆనుకుని ఉన్న అయ్యప్ప సొసైటీలో, ఒక మ్యాన్‌హోల్ నలుగురిని మింగింది. లోపల పడిపోయిన వాళ్ళను కాపాడబోయినవాళ్ళు కూడా పోయారు. మ్యాన్‌హోల్ చావులు ఇట్లాగే ఉంటాయి. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెం ఉంటే కుళ్ళిన గుడ్ల వాసన వస్తుంది. మోతాదు పెరిగితే ముక్కే మొద్దుబారుతుంది. వాసన లేదు, ఏం కాదులే అని దిగినవాడు క్షణాల్లో కూలిపోతాడు. ఈ ముక్కు మొద్దుబారే జబ్బు మన సమాజానికీ ఉంది.

చట్టం లేదా అంటే ఉంది. 2013 చట్టంలోని 7వ సెక్షన్ ప్రకారం మురుగుకాలవల ప్రమాదకర పనికి మనిషిని నేరుగా గానీ, పరోక్షంగా గానీ పెట్టరాదు. కానీ 'ప్రమాదకరం' అంటే రక్షణ సామగ్రి ఇవ్వకుండా చేయించడం అని అర్థం చెప్పారు. సామగ్రి ఇస్తే దింపొచ్చన్న సందు అక్కడే ఉంది. ఈ చట్టం కింద మొదటి నేరానికి గరిష్ఠంగా రెండేళ్ళ జైలు, లేదా రెండు లక్షల జరిమానా, లేదా రెండూ. లెక్కల పుస్తకం తప్పుకు ఏడేళ్ళు, మనిషి ఊపిరికి ఇంత. ఈ తేడాకు కులం పేరు పెట్టకుండా ఇంకేం పేరు పెడదాం? ఈ పనిలోకి దిగేవాళ్ళలో అత్యధికులు దళితులే గదా!

సుప్రీంకోర్టు 2014లో ఇలాంటి చావుకు పది లక్షల పరిహారమంది, 2023లో ముప్ఫై లక్షలకు పెంచింది. పరిహారం చచ్చిన తర్వాత వచ్చేది. బతికుండగా మావాడు పనిచేసేది ఎవరి కింద? సంస్థ కాంట్రాక్టరుకిస్తుంది, కాంట్రాక్టరు మేస్త్రీకి చెప్తాడు, మేస్త్రీ అడ్డా మీంచి మనిషిని తెస్తాడు. ఒక్కో మెట్టు దిగేకొద్దీ కాయితం మాయమవుతుంది. చివరి మెట్టు మీద మనిషి ఒక్కడే మిగులుతాడు.

ఆ చావులకు కొద్దివారాల ముందే, 2016 జూలైలో, సఫాయి కర్మచారీ ఆందోళన్ నాయకుడు బెజవాడ విల్సన్‌కు మెగసెసే అవార్డు ప్రకటించారు. కోలారు గనుల కాలనీలో పారిశుద్ధ్య పనివాళ్ళ ఇంట పుట్టినవాడాయన. చప్పట్లు కొట్టినవాళ్ళు మూత తెరిచి చూడలేదు. 2017లో హైదరాబాద్ జలమండలి దళిత పారిశ్రామికుల సంఘం డిక్కీ తోడ్పాటుతో ఇరుకు సందుల్లోకి పోగల చిన్న జెట్టింగ్ యంత్రాలను దించింది. మంచిదే. కానీ అది సాధ్యమేనని తెలిశాక ఒక మాట అడగాలి. సాంకేతికతకు రాజధాని అని చెప్పుకున్న చోట యంత్రం ముందొచ్చి మనిషి ఆగాల్సింది పోయి, మనుషులు పోయాక యంత్రం ఎందుకొచ్చింది?

మన వైపూ ఒక మాట. ఇంజనీరింగ్ చదివి ఆ అద్దాల మేడల్లోకి పోయిన మనోళ్ళున్నారు. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ లేదు, తలుపు నెట్టుకునే పోయారు. కులం బయటపడుతుందేమోనని నోరు మెదపలేని వాళ్ళను మేం నిందించం. కానీ ఆ మేడ మురుగు లైను ఎవరు తీస్తున్నారు, మనిషా యంత్రమా అని మేనేజ్‌మెంటును అడగడానికి కులం చెప్పుకోనక్కర్లేదు. ప్రతి భవనమూ ఆ వివరం గోడ మీద రాసిపెట్టాలి. కాంట్రాక్టు ఎన్ని చేతులు మారినా మొదటి సంతకం చేసినవాడే జవాబు చెప్పాలి. సత్యం కేసులో దొరికిన సంతకం అయ్యప్ప సొసైటీ మ్యాన్‌హోల్ దగ్గర కూడా దొరకాలె. అంతవరకూ హైటెక్ సిటీ భద్రమైన చోటన్న మాటను మేం ఒప్పుకోం.