ఆశానిగ్రహము: తెలుగు బైబిలునం దొక పదవిచారము

పౌలు గలతీయులకు వ్రాసిన పత్రిక 5వ అధ్యాయమున ఆత్మఫలమును వర్ణించుచు తొమ్మిది గుణములను పేర్కొనెను. మొదటిది ప్రేమ. కడపటిది, ప్రొటెస్టంటు సంఘములలో చిరకాలముగా చదువబడుచున్న తెలుగు బైబిలునందు, ఆశానిగ్రహము. మూలమునందలి గ్రీకుపదము ‘ఎంక్రాతేయ’. తనపై తనకు బలము కలిగియుండుట యని దాని ధాత్వర్థము. నిగ్రహింపబడు వస్తు వేదియో ఆ పదము చెప్పదు. ఆ లోటును మన యనువాదకులు ‘ఆశ’తో పూరించిరి. ఈ పూరణము సమంజసమా యనునది మా ప్రశ్న. క్రైస్తవ వాఙ్మయమును పరిశోధించు విద్యార్థులు ఈ పదమును దమమునకు పర్యాయముగా గైకొని ముందునకు సాగుట కలదు గనుక, ఈ విచారము నిరర్థకము కాదని తలంతుము.

అరిస్టాటిలు నికోమాకసు నీతిశాస్త్రము 7వ భాగమున ఎంక్రాతేయకును సోఫ్రొసూనేకును భేదము చూపెను. దుష్టేచ్ఛలు ప్రబలముగా నున్నను వానికి లోబడనివాడు ఎంక్రాతేయ గలవాడు. అట్టి యిచ్ఛలే లేనివాడు సోఫ్రొసూనే గలవాడు. తీతుపత్రిక 1:8లో ఈ రెండు కుటుంబముల పదములును ఒక్కచోటనే యున్నవి. అనువాదకులు ఒకదానిని స్వస్థబుద్ధి యనియు, మరియొకదానిని ఆశానిగ్రహమనియు వేరుచేసి చూపుట ప్రశంసనీయము. ఆ జాగరూకత 2 తిమోతి 1:7లో లోపించినది. అచ్చటి పదము స్వస్థబుద్ధి కుటుంబమునకు చెందినదే, పిరికితనమునకు ప్రతియోగిగా చెప్పబడినదే. అయినను దానిని ఇంద్రియనిగ్రహమనిరి. భయపడువానికి కావలసినది బుద్ధిస్థైర్యము. ఇంద్రియముల ప్రసక్తి అచ్చట లేదు. శాస్త్రపరిభాష నాలుకపై ఆడుచున్నప్పుడు ఇట్టి స్ఖలనములు సహజమే.

ఇక ఆశ సంగతి. శమదమాదుల పరిభాషకు అలవడిన పాఠకునకు ఆశ యనగానే త్యాజ్యమని తోచును. పౌలునకు అట్టి యభిప్రాయము లేదు. అదే యధ్యాయము 17వ వచనమున శరీరమునకును ఆత్మకును అపేక్షించుట యను క్రియ యొక్కటియే. లూకా 22:15లో, శిష్యులతో పస్కాను భుజింపగోరిన క్రీస్తుపట్ల మూలమున ఆ ధాతువే ప్రయుక్తము. తెలుగున ఆయన ‘ఆశపడెను’. కావున ఆశను చంపుట కాదు, అది యెవరి యధికారమున నుండవలెననునదే విషయము. 1 కొరింథీ 9:25లోని పందెగాడు ఆహారమును ద్వేషించువాడు కాడు. కిరీటమునకై దానిని మితపరచుకొనువాడు. ఈ భేదమును మరచినవారును గలరు. క్రీ.శ. 2వ శతాబ్దమున ఎంక్రతీయులను శాఖవారు, ఈ గ్రీకుపదమునుండియే పేరు పొందినవారు, వివాహమును మాంసమును విసర్జించిరి. వివాహమును నిందించుట స్త్రీపురుషులను సృజించినవానిని నిందించుటయే యని ఇరేనియసు వారిని ఖండించెను.

మాకు సందేహాస్పదమైనది సమాసమునందలి ఉత్తరపదము. తెలుగువాని వాడుకలో నిగ్రహమునకు ప్రతిపదము అనుగ్రహము. నిగ్రహానుగ్రహసమర్థుడని ఋషులను, ప్రభువులను వర్ణించుట మనకు పరిపాటి. పౌలు మతమున ఈ విరోధము నిలువదు. శరీరమునకు కార్యములు, అవి బహువచనము. ఆత్మకు ఫలము, అది ఏకవచనము. కార్యము చేయబడునది, ఫలము పండునది. అనగా ఇచ్చట నిగ్రహము అనుగ్రహమునుండియే పుట్టుచున్నది. అగస్టీను తన ‘ఒప్పుకోలులు’ 10వ భాగమున, దేవుడు విధించిన నిగ్రహమును దేవుడే దయచేయవలెనని వేడెను. ఆ మాట రోమున విని పెలాగియసు సహింపలేకపోయెనని అగస్టీనే తరువాత వ్రాసెను. పెలాగియసు భయము కేవలము నిరాధారము కాదు. అంతయు ఈవియే యైనచో ప్రయత్నమునకు చోటేది? 2 పేతురు 1వ అధ్యాయము జ్ఞానమునకు ఆశానిగ్రహమును జాగ్రత్తతో అమర్చుకొనుమనుచున్నది. సేద్యగాడు కలుపు తీయును, నీరు పెట్టును. కాయను తాను కాయింపలేడు. ఈ రెండింటిని కలిపి చదువనివాడు ఆశానిగ్రహమును తపస్సుగా నైనను, సోమరితనమునకు సాకుగా నైనను మార్చివేయును. పోలిక కావలసినవారు దమమును విడిచి గీత 2వ అధ్యాయము 59వ శ్లోకమును చూచుట మేలు. విషయములు తొలగినను వానియందలి రుచి తొలగదనియు, పరదర్శనముననే అదియు తొలగుననియు అచ్చట గలదు. అచ్చట దర్శనము, ఇచ్చట అంతర్వాసియైన ఆత్మ, భేదమును మరువరాదు.

ఆత్మసంయమమను పదమును ఎవరైన సూచింపవచ్చును. కాని గలతీపత్రికలోని ఈ ఘట్టమున ఆత్మ యనగా పరిశుద్ధాత్మ. ఆత్మఫలము ఆత్మసంయమమన్నచో ఎవరు ఎవరిని సంయమించిరో తెలియక పాఠకుడు తికమకపడును. కావున గలతీపత్రికయందు ఆశానిగ్రహమునే నిలిపి, తిమోతిపత్రికయందలి ఇంద్రియనిగ్రహమును మాత్రము స్వస్థబుద్ధిగా సవరించుట యుక్తమని మా మతము.