బెంగాలీ కథలో పట్టభద్రుని జీతము

కథానాయకుని రూపమును, వంశమును, చదువును వర్ణించుటకు రచయితలు సంకోచింపరు. అతని జీతమెంతయో చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రము పెక్కుమంది కలము తడబడును. చాలీచాలని జీతమనియో, మంచి ఉద్యోగమనియో ఒక్క మాటతో దాటిపోవుదురు. అంకె వేసినచో కథ లెక్కల పుస్తకమగునని వారి భయము. కాని మధ్యతరగతి గృహములో ఎవరి మాట చెల్లవలెనో, ఏ పెండ్లి ఆగవలెనో, ఎవరి మందు ఈ నెలలో కొనవలెనో, ఎవరిది వచ్చే నెలకు వాయిదా పడవలెనో నిర్ణయించునది ఆ అంకెయే. దానిని దాచిన కథ ఆ ఇంటి గుట్టును దాచినట్లే. బెంగాలీ రచయితలు కొందరు ఈ అంకె వెంట చాలదూరము నడచిరి. వారు ఎంతవరకు నడచిరో, ఎక్కడ ఆగిరో గమనించుట తెలుగు రచయితకు నేడు మిక్కిలి అవసరము.

కలకత్తా గుమాస్తాల నగరము. కుంపిణీవారి కోఠీలనాటినుండి అక్కడ కాగితముపై కలము నడిపి బ్రతుకువాడు ఒక ప్రత్యేక జాతిగా ఏర్పడినాడు. బెంగాలీలో అతనికి 'కేరానీ' యని పేరు. 1857లో విశ్వవిద్యాలయము వెలసిన పిమ్మట ఈ జాతికి పట్టములు లభించినవి. 1911లో రాజధానిని ఢిల్లీకి తరలింప నిశ్చయించిరి. 1947లో దేశవిభజనవలన తూర్పు బెంగాలునుండి లక్షలాది జనులు కట్టుబట్టలతో ఆ నగరమును చేరిరి. 1960 దశాబ్దము నడుమనుండి పరిశ్రమలు తగ్గుముఖము పట్టినవి. పట్టభద్రులు మాత్రము ఏటేట పెరుగుచునే యుండిరి. చదువు ఉద్యోగమునకు హామీ యన్న విశ్వాసము భారతదేశములో మొట్టమొదట వమ్మైన మహానగరములలో ఇది యొకటి. అందుచేతనే ఆ వైఫల్యమునుగూర్చిన సాహిత్యము కూడ అక్కడ ముందుగా పండినది.

నరేంద్రనాథ మిత్ర 'అవతరణిక' యను కథ వ్రాసిరి. దాని నాధారము చేసికొని సత్యజిత్ రాయ్ 1963లో 'మహానగర్' చిత్రమును తీసిరి. బ్యాంకు గుమాస్తా యైన సుబ్రతుని జీతము ఉమ్మడి కుటుంబమునకు చాలదు. భార్య ఆరతి కుట్టు అల్లికల యంత్రములను ఇంటింటికి తిరిగి అమ్ము ఉద్యోగమున చేరును. ఆమె జీతము ఇంటికి వచ్చిన దినమునుండి ఆ ఇంటి బంధములన్నియు కదలబారును. కోడలి సంపాదనను మామగారు అంగీకరింపలేరు; భర్త ముదముతో మొదలిడి అసూయలోనికి జారును. ఆమెచే రాజీనామా ఇప్పింపబూనిన సమయముననే అతని బ్యాంకు మూతపడును. అంతవరకు ఇల్లాలి సరదాగా కనబడిన జీతము ఒక్కపూటలో ఇంటి కాధారమగును. జీతము మనుష్యుల స్థానమును ఎట్లు మార్చునో ఇంతకంటె స్పష్టముగ చెప్పిన కృతులు అరుదు.

అయితే ఆ చిత్రములో మరింత ప్రాముఖ్యము గల పాత్ర ఆరతి తోడి ఉద్యోగిని ఎడిత్. ఆమె ఆంగ్లో ఇండియను యువతి. ఇంగ్లీషు ఆమెకు పుట్టుకతో వచ్చిన సొత్తు. ఉద్యోగమున ఆమె పెట్టుబడి. జబ్బుపడి కొన్నాళ్లు రాకపోయిన ఎడిత్‌పై యజమాని నింద మోపి పనినుండి తొలగించును. తన కుటుంబమంతయు తన సంపాదనపైననే ఆధారపడియున్న ఘడియలో ఆరతి ఆ అన్యాయమునకు నిరసనగా రాజీనామా ఇచ్చును. ఇది ఆచరణసాధ్యము కాని ఆదర్శమని ఆక్షేపింప వీలున్నది. ఆక్షేపణ నిలువదు. అంతవరకు జీతము ఒక కుటుంబము యొక్క అవసరము. ఆ రాజీనామాతో అది ఇరువురు శ్రామికుల నడుమ న్యాయముగ మారినది. తన జీతమునకు ప్రక్కవారి జీతముతో సంబంధమున్నదని ఆరతి గుర్తించినది. ఆ గుర్తింపే ఆ చిత్రమునకు ప్రాణము. తరువాతి బెంగాలీ కృతులలో ఈ వెలుగు మరల ఇంత నిండుగ కనబడదు.

సునీల్ గంగోపాధ్యాయ నవల 'ప్రతిద్వంద్వి'లో సిద్ధార్థుడు తండ్రి మరణముతో వైద్యవిద్య మానుకొని ఉద్యోగముకొరకు తిరుగును. 1970లో వచ్చిన చిత్రములో, గడచిన దశాబ్దమున మిక్కిలి ముఖ్యమైన సంఘటన ఏదియని అతని నడుగుదురు. మానవుడు చంద్రునిపై కాలిడుట కాదు, వియత్నాం ప్రజల యుద్ధమని అతడు బదులు చెప్పును. ఉద్యోగము రాదు. కడకు మందులమ్ము పనికై ఉత్తర బెంగాలులోని బాలూర్‌ఘాట్ అను చిన్న పట్టణమునకు పోవును. మహానగరము తన బిడ్డను వెలివేసినట్లు ఆ ముగింపు తోచును. శంకర్ రచించిన 'సీమాబద్ధ'లో నాయకుడు దీనికి ఎదురుదారిన వచ్చినవాడు. పాట్నానుండి కలకత్తాకు చేరి పంకాల కంపెనీలో పెద్ద పదవికి ఎగబ్రాకును. ఆ ఎగబ్రాకుటలో అంతరాత్మను మెట్టుగా వాడుకొనును. ఒకడు నగరమును విడిచిపోయినాడు. వేరొకడు నగరములో తన్ను తాను విడిచినాడు. ఊరు మారుటకు చెల్లించు మూల్యమును ఈ రెండు కృతులు రెండువైపులనుండి తూచినవి.

శంకర్ వ్రాసిన 'జన అరణ్య' ఈ వరుసలో అతి కఠినమైనది. పట్టభద్రుడైన సోమనాథుడు ఉద్యోగము దొరకక దళారి వ్యాపారమున దిగును. ఒక పెద్ద ఆర్డరు కొరకు ఒక స్త్రీని ఎరగా సమర్పించుటకు సిద్ధపడును. ఆమె తన మిత్రుని చెల్లెలని అప్పుడు తెలియును. తెలిసియు అతడు ఆగడు. ఈ కృతి శక్తి నిర్వివాదము. అయినను ఒక లోపమును చెప్పక తప్పదు. పాఠకుని దృష్టి యంతయు సోమనాథుని మనస్సాక్షిపై నిలుచును. ఆ యువతి కూడ నిరుద్యోగ కుటుంబపు బిడ్డయే. ఆమెకు ముట్టు రొక్కమెంత, ఆ రొక్కము ఏ ఇంటికి పోవును, ఆమె తన్నుగూర్చి ఏమనుకొనును అన్న ప్రశ్నలు నీడలోనే మిగిలినవి. ఆరతి ఎడిత్ వైపు తిరిగినట్లు సోమనాథుడు ఆమెవైపు తిరుగడు. కథ కూడ తిరుగదు. యువకుని పతనము విషాదమైనది. యువతి పతనము ఆ విషాదమునకు పనిముట్టైనది.

ఈ కృతులు వెలువడి అర్ధశతాబ్దము దాటినది. 2001లో నగరము పేరు కోల్‌కతాగా మారినది. తూర్పున బిధాన్‌నగర్, అనగా సాల్ట్ లేక్, అయిదవ సెక్టారులో గాజు గోడల కార్యాలయములు లేచినవి. వానిలో కాల్ సెంటరు లొక భాగము. ఊరు నిద్రించు వేళ అక్కడ పని తెల్లవారును. న్యూయార్కు గడియారమునకు మన గడియారము వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, శీతకాలములో పదిన్నర గంటలు ముందుండును. భారతదేశములో గడియారపు ముల్లును ఎవరును తిప్పరు. అయినను అమెరికాలో దానిని తిప్పిన దినమున కోల్‌కతా యువకుని షిఫ్టు ఒక గంట జరుగును. నాటి కేరానీ దొర సంతకము కొరకు కాచుకొనియుండెను. నేటి పట్టభద్రుడు దొర సూర్యోదయము కొరకు కాచుకొనియున్నాడు.

సాహిత్యకారులకు ఇందులో అతి గంభీరమైన విషయము భాష. ఆ వృత్తిలో అభ్యర్థిని పరీక్షించునప్పుడు ఎన్నుకొను దోషములలో ఒకదానికి 'మాతృభాషా ప్రభావము' అని పేరు. బెంగాలీవాని ఇంగ్లీషులో బెంగాలు వినబడరాదు; తెలుగువాని ఇంగ్లీషులో తెలుగు వినబడరాదు. తల్లి నేర్పిన ఉచ్చారణను తొలగించుటకు శిక్షణ ఇత్తురు. ఇటీవల మాటలాడుచుండగనే యాసను మార్చివేయు యంత్రసాధనములు కూడ వచ్చినవి. ఇదే వృత్తిలో స్వదేశీ ఖాతాదారులతో బెంగాలీలోను, ఒడియాలోను, తెలుగులోను మాటలాడు శాఖలున్నవి. అక్కడ మాతృభాష దోషము కాదు, అదియే అర్హత. కాని ఆ శాఖల జీతము విదేశీ శాఖల జీతముకంటె సాధారణముగ తక్కువ. మాతృభాష ఒక గదిలో తప్పు, ప్రక్క గదిలో చౌక. ఏ భాషకు ఎంత వెల యన్నది నెలనెల జీతపు చీటీపై అచ్చుపడుచున్నది. ఎడిత్‌కు పుట్టుకతో వచ్చిన సొత్తును ఇప్పుడు లక్షలమంది శిక్షణతో సంపాదింప యత్నించుచున్నారు. ఆమెకువలెనే వారికి కూడ ఆ సొత్తు భద్రత నీయదు.

జీతము ఊరినిబట్టి మారుట రెండవ సమస్య. ఒకే పట్టము, ఒకే పని. అయినను బెంగుళూరునందో హైదరాబాదునందో లభించునంత కోల్‌కతాలో సాధారణముగ లభింపదు. అక్కడ అద్దెలు తక్కువ, తిండి చౌక యని యాజమాన్యముల సమాధానము. ఈ సమాధానమును ప్రభుత్వోద్యోగి లెక్కతో పోల్చిచూడవలెను. ఏడవ వేతన సంఘము సిఫారసులపై 2016 జనవరినుండి కేంద్ర ప్రభుత్వోద్యోగికి కనిష్ఠ మూలవేతనము 18,000 రూపాయలు. అది దేశమంతట ఒక్కటే. ఇంటి అద్దె భత్యము నిమిత్తము నగరములను మూడు తరగతులు చేయగా, కోల్‌కతా, హైదరాబాదు, బెంగుళూరు మూడును పై తరగతిలోనే నిలిచినవి. అనగా ప్రభుత్వపు లెక్కలో సమానమైన నగరములు ప్రైవేటు లెక్కలో అసమానములైనవి. కోల్‌కతా చౌక యన్నది ప్రకృతి ధర్మము కాదు, అది బేరము.

ఈ బేరము వెనుక ఒక చెప్పని కథ యున్నది. తక్కువ జీతముతో కోల్‌కతాలో పనిచేయు యువకుడు తరచుగ తల్లిదండ్రుల ఇంటనే యుండును. అద్దె లేదు, వంట తల్లిది, ఆపదకు తండ్రి పింఛను అండ. ఆ తండ్రి పాతకాలపు కేరానీయే. జీవితమంతయు కూడబెట్టిన అతని భద్రత కుమారుని చౌక జీతమునకు గుట్టుగా పూరకమగుచున్నది. కంపెనీ ఈయని భాగమును ముసలివాడు ఇచ్చుచున్నాడు. హైదరాబాదునకు పోయినవానికి జీతము పెరుగును. అద్దె, అడ్వాన్సు, రాకపోకల టిక్కెట్లు దానిని కొరుకును. ఇంటివద్ద వృద్ధులు ఒంటరివారగుదురు. మొత్తము వేతనమని నియామకపత్రముపై చూపు పెద్ద అంకెలో భవిష్యనిధికి యజమాని కట్టు వాటా మొదలైనవి కూడ చేరియుండును, చేతికందునది వేరు. సిద్ధార్థుని బాలూర్‌ఘాట్ యాత్రకంటె ఈ యాత్రలో నాటకీయత తక్కువ. బాధ తక్కువ కాదు.

దీనిని సాహిత్యము పట్టుకొన్నదా? కాల్ సెంటరునుగూర్చి మిక్కిలి ప్రచారము పొందిన భారతీయ నవల చేతన్ భగత్ ఇంగ్లీషులో వ్రాసిన 'ఒన్ నైట్ ఎట్ ద కాల్ సెంటర్'. 2005లో వెలువడిన ఈ నవల రంగము కోల్‌కతా కాదు, గుర్‌గాఁవ్. శ్యాము పనివేళ శామ్ అగుట మొదలైన వివరములు అందు సజీవముగ నున్నవి. శైలి తేలిక యని పండితులు దానిని త్రోసిపుచ్చిరి. అది దాని ముఖ్యలోపము కాదు. ఒక రాత్రి ఆ యువజనులకు దేవుడే టెలిఫోను చేసి హితవు చెప్పును. సమస్యలు ఆత్మవిశ్వాసపు సమస్యలుగా తేలిపోవును. జీతమును నిర్ణయించు అదృశ్యహస్తముపై ఎత్తవలసిన ప్రశ్న ఆ పిలుపుతో చల్లారినది. యజమానికి వేయవలసిన ప్రశ్నను దేవునికి వేసినచో సమాధానము ఓదార్పుగ వచ్చును గాని లెక్కగ రాదు.

తెలుగు సాహిత్యమునకు ఈ లెక్క క్రొత్త కాదు. కాళీపట్నం రామారావు ప్రకటించిన 'యజ్ఞం' కథ సమస్తము ఒక అప్పు లెక్కపై నిలిచియున్నది. పంచాయతీలో ఆ లెక్క ఒక్కొక్క అంకెగా విప్పబడును. న్యాయముగ కనబడు ఆ లెక్కయే ఒక కుటుంబమును తరతరములు కట్టివేసిన సంకెల యని కడకు తెలియును. అంకెలు చెప్పుటచే ఆ కథ శుష్కము కాలేదు. అంకెలే దానికి రక్తమైనవి. పల్లెలోని అప్పును అంత నిశితముగ చదివిన తెలుగు కథ నగరములోని జీతపు చీటీని అట్లు చదువలేదనుటకు కారణము లేదు.

వలసయు తెలుగువారికి తెలియనిది కాదు. ఒకప్పుడు గంజాము, విశాఖపట్టణ మండలములనుండి కూలిజనము హుగ్లీ తీరపు జనపనార మిల్లులకు పోయిరి. బెంగాల్ నాగపూర్ రైల్వే మూలమున ఖరగ్‌పూరులో తెలుగు పేటలు వెలసినవి. తెలుగు నేటికిని అక్కడ వినబడును. నాడు జీతము వెదకుచు తెలుగువాడు బెంగాలునకు పోయినాడు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత హైటెక్ సిటీ పెరిగినది. జీతము వెదకుచు బెంగాలీ పట్టభద్రుడు హైదరాబాదునకు వచ్చుచున్నాడు. అదే రైలుమార్గము, దిక్కు మాత్రము మారినది. మాదాపూరు పరిసరములలో అద్దె గదిలోని ఆ బెంగాలీ యువకుడు తెలుగు కథలో ఇంకను పరాయివాడే. శ్రీకాకుళమునుండి వచ్చి అదే గదిలో అద్దె పంచుకొను తెలుగు యువకునకును అతనికిని గల సంబంధమును వ్రాయువారు కావలెను. ఒకరి జీతము తక్కువ యగుట రెండవవాని జీతమును ఎట్లు అదిమిపట్టునో ఆ కథ చూపగలదు.

ఆరతి ఎడిత్ వైపు తిరిగిన క్షణము బెంగాలీ కళ చేరిన శిఖరము. సోమనాథుని కథలో ఆ చూపు తప్పిపోయినది. తరువాతి నవలలో అది ఆకాశమునకు మరలినది. ఆ చూపును తిరిగి ప్రక్క కుర్చీలోని మనుష్యునిపై నిలుపుట నేటి రచయిత పని. అందుకు అతడు మొట్టమొదట వ్రాయవలసినది ఒక అంకె.