జూరాలలో పిల్లలు, పోలవరంలో మెట్లు

నదికి అడ్డుకట్ట వేసినవాళ్లు చేపకు బాకీ పడతారు. ఆ బాకీ తీర్చడానికి తెలుగు నేల మీద రెండు పద్ధతులున్నాయి. గోదావరి మీద పోలవరం స్పిల్‌వేలో చేపలు ఎదురెక్కేందుకు ఫిష్ ల్యాడర్‌కు, అంటే చేపల మెట్లకు, చోటిచ్చారు. దాని డిజైన్‌లో బారక్‌పూర్‌లోని కేంద్ర మత్స్య పరిశోధన సంస్థ సిఫ్రి పాలుపంచుకుంది. కృష్ణ మీద, పాలమూరు జూరాలలో నమ్ముకున్నది మెట్లను కాదు, పిల్లలను. 2016లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత చేపపిల్లల పంపిణీయే ఇక్కడి జలాశయాలకూ చెరువులకూ ఆధారం.

ముందు పిల్లల సంగతి. బొచ్చె, రవ్వ, మోసు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వానాకాలపు వరద పారాలి. 1957లో ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి రసం ఎక్కించి కార్పు చేపలతో గుడ్లు పెట్టించాక ఆ చిక్కు వీడింది, హేచరీలు పుట్టుకొచ్చాయి. ఎండాకాలం అడుగంటే పాలమూరు చెరువుకు ఇదే తగిన మందు. ఏ మెట్లూ ఆ చెరువుకు చేపను చేర్చలేవు. నదికి మాత్రం ఇది చాలదు. పంపిణీలో వచ్చేవి కొన్ని రకాలే. వాలుగ, జెల్లల వంటి నది చేపల వంతు అందులో లేదు. పైగా వదిలిన పిల్లలను ఎదగకముందే కృష్ణ ఒడ్డున సోమశిల వైపు సన్న కన్నుల అలివి వలలు ఊడ్చేస్తే, మరుసటి ఏడు మళ్లీ చేపపిల్లల టెండరే గతి.

మెట్ల తీరు వేరు. కాగితం మీద అవి ఏ జాతినీ ఎంచవు; నీళ్లలో ఎంచుతాయి. సాల్మన్ ఎగిరి దూకుతుంది, మన పులస దూకదు. థాయ్‌లాండ్‌లో 1994లో పూర్తయిన పాక్ మున్ డ్యామ్‌కు కట్టిన మెట్లు అక్కడి చేపలకు అక్కరకు రాలేదని ప్రపంచ ఆనకట్టల కమిషన్ తేల్చింది. పోలవరానిది ఇంకో ఇబ్బంది. సముద్రం నుంచి వచ్చే పులస ఎక్కువగా ధవళేశ్వరం బ్యారేజీ దిగువనే వలకు చిక్కుతోంది. అక్కడికి సుమారు 42 కిలోమీటర్ల ఎగువన మెట్లు కట్టడమంటే, వీధి తలుపు మూసి మేడ మెట్లు కట్టడమే.

ఆస్ట్రేలియా ముర్రే నదిలోనూ తొలినాటి మెట్లు సాల్మన్ కొలతలవే; అక్కడి చేపలు వాటిని ఎక్కలేకపోయాయి. 2001 నుంచి సముద్రం మొదలు హ్యూమ్ డ్యామ్ దాకా 2,225 కిలోమీటర్ల మేర కొత్త దారులు కడుతూ, చేపల ఒంట్లో చిన్న ట్యాగులు అమర్చి ఏది ఎక్కిందో, ఏది మధ్యలో ఆగిందో పట్టి చూశారు. మన రెండు పద్ధతుల్లోనూ కొరవడేది ఆ చూపే. ఒకచోట వదిలిన పిల్లల లెక్క చెబుతారు, ఇంకోచోట పోసిన కాంక్రీటు లెక్క. దాటిన చేప లెక్క ఎవరూ చెప్పరు.

మరి పాలమూరుకు ఏది తగును? 145 మీటర్ల శ్రీశైలానికి మెట్లు కట్టమనడం అత్యాశ. కానీ శ్రీశైలం జలాశయంలో పెరిగిన చేప వరదకు ఎదురీదితే కృష్ణలో దానికి తగిలేవి దిగువ జూరాల, ఆపైన జూరాల. ఇవి శ్రీశైలం కన్నా చాలా తక్కువ ఎత్తు కట్టడాలు. చేప జోరు ప్రవాహాన్ని వెతుక్కుంటూ పోతుంది కనుక మెట్ల మొదలు విద్యుత్ కేంద్రం నీళ్లు వదిలే చోటికి దగ్గర్లో ఉండాలి. అది ఎక్కడన్నది గేట్ల కింద వల వేసే బెస్తలకు తెలుసు. దాన్ని కొలిచి నిర్ధారించడానికి పెబ్బేరులో మత్స్య కళాశాల ఉంది.

చెరువుకు పిల్లలు, నదికి దారి: ఈ విభజనే న్యాయం. చేపపిల్లల సొమ్ములో కొంత తీసి, ఒక వానాకాలం జూరాల కింద ట్యాగు వేసి చూడాలి. డిజైన్ ఆ తర్వాతే గీయాలి.