కలివికోడి అడుగుజాడ

1900 తర్వాత జాడ తెలియని కలివికోడి అనే పిట్ట 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీవాళ్లు వెతికారు, పట్టి తెచ్చింది ఊరి వేటగాడు. ఆ తర్వాతి పనే నాకు మరీ గొప్పది. రాత్రిళ్లు తిరిగే పిట్ట, కంటికి చిక్కదు. అందుకని పరిశోధకులు అదే జిల్లాలోని లంకమల అడవి పొదల సందుల్లో సన్నమట్టిని పట్టీలుగా పరిచి, పొద్దున్నే వంగి చూసేవాళ్లు. వేళ్ల పొడవెంత, ఎడమెంత? ఇది తీతువుదా, కలివికోడిదా? ఎంత ఓపిక! ఆ జాడలే తేల్చాయి: పిట్టకు పొదలు మరీ చిక్కగా ఉండకూడదు, నేల మరీ బోడిగానూ ఉండకూడదు. ఈ పిట్ట ఉండే చోటు మీదుగా తవ్వబోయిన తెలుగుగంగ కాలువ దారి మార్చాలన్న వాదనకూ ఈ పరిశోధనే బలం. లంకమల చుట్టుపక్కల రైతులారా, ఆ కంపపొదల్ని చదును చేయకండి.