ముప్ఫై ఎందుకని?

1990ల చివర్లో అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని అమెరికా విమానమెక్కిన మనవాళ్లలో చాలామందికి అక్కడ దొరికింది ఎవరో ఎప్పుడో రాసిన ప్రోగ్రాములు చదివే పని. సంవత్సరాన్ని రెండే అంకెల్లో దాచిన పాత కోడ్, 2000 రాగానే దాన్ని 1900 అనుకుంటుందని అందరికీ భయం. ఆ పొదుపును నేను తప్పుపట్టను. కార్డుకు 80 అక్షరాలే పట్టే రోజుల్లో, మెమరీ ఖరీదు ఆకాశంలో ఉన్నప్పుడు, అది సబబే.

దిద్దడం కన్నా వెతకడానికే ఎక్కువ చాకిరీ పట్టేది. 'డేట్' అని పేరున్నచోట ఇట్టే దొరికేది. 'టెంప్' అనో 'ఫీల్డ్ 2' అనో పేరు పెట్టి వెళ్లిపోతే? విలువ ఎక్కణ్ణుంచి వస్తోంది, ఎక్కడికి పోతోంది అని ఫైలు ఫైలూ గాలిస్తే తప్ప అది తేదీ అని తేలదు. కోబాల్‌లో పేరుకు 30 అక్షరాలు వాడుకోవచ్చు. 'పాలసీ ముగిసే సంవత్సరం' అని నిండుగా రాసుకునే వీలుండి కూడా ఇంత పిసినారితనం ఎందుకో!

ఫైళ్లన్నీ మార్చే వ్యవధి లేనిచోట ఒక ఉపాయం వేశారు. ఉదాహరణకు, ఆ రెండంకెల సంఖ్య 30 కన్నా తక్కువైతే 2000లది, లేదంటే 1900లది. ఎక్సెల్ కూడా చాలాకాలం తేదీలో 29 కొడితే 2029గా, 30 కొడితే 1930గా తీసుకుంది. ఉపాయం మంచిదే. కానీ ముప్ఫయ్యే ఎందుకు, ఎప్పటిదాకా చెల్లుతుంది? కోడ్ ఏం చేస్తోందో కోడే చెబుతుంది, ఎందుకు చేస్తోందో మాత్రం రాసినవాళ్లే చెప్పాలి. 'ఇది 2029 దాకానే పనిచేస్తుంది' అని పక్కన ఒక్క కామెంట్ పెడితే తర్వాత వచ్చేవాళ్లకు ఎంత మేలు!

'టెంప్' లాంటి పేర్లు పెట్టే చిక్కు వల్లే, కోడ్ రివ్యూకు కూర్చుంటే నా చూపు ముందు పేర్ల మీదే పడుతుంది. ఈమధ్య మా టీమ్‌లో ఒకబ్బాయి కోడ్‌లో 'ఫ్లాగ్ నిజమైతే రిమైండర్ పంపు' అన్న అర్థంతో ఒక లైను కనిపించింది.

"ఫ్లాగ్ నిజమైతే ఏం జరిగినట్టు బాబూ?" అని అడిగాను.

"ఫీజు కట్టేసినట్టు సార్."

"అయితే ఆ పేరే పెట్టు."

పెట్టాడు. ఇప్పుడు ఆ లైను 'ఫీజు కట్టేసి ఉంటే రిమైండర్ పంపు' అని కనిపిస్తోంది. అబ్బాయి ఒక్క క్షణం ఆగి, నేను నోరు తెరిచేలోపే షరతు తిరగరాశాడు.