సందులు మూసే విద్య

సొంతంగా కట్టుకున్న చిన్న విమానం నేల విడిచి పైకెక్కుతుంటే పైలట్ కన్ను మాటిమాటికీ ఆయిల్ టెంపరేచర్ మీటరు మీదికే పోతుంది. లైకమింగ్ ఓ-360 లాంటి ఇంజిన్లలో ఆయిల్ వేడి 118 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. 82 నుంచి 93 మధ్య ఉంటే హాయి. మరీ చల్లగా ఉన్నా చేటే. ఆయిల్లో చేరిన తేమ ఆవిరి కాక ఆమ్లాలు పుట్టి లోపలి ఉక్కును తినేస్తాయి. సూది 105, 110 అంటూ పాకుతుంటే ముక్కు కాస్త దించి వేగం పెంచుకోవడం తప్ప గాల్లో చేయగలిగింది పెద్దగా లేదు. అసలు పని షెడ్డులో కౌలింగ్ విప్పాకే మొదలవుతుంది.

ఆ పనిని కళ స్థాయికి తెచ్చింది అమెరికన్ హోంబిల్డర్లు. 1953లో పాల్ పోబరెజ్నీ విస్కాన్సిన్‌లో మొదలుపెట్టిన ఈఏఏ సంఘం వాళ్ళందరికీ పుట్టిల్లు. ఇంజిన్‌ను చుట్టే కౌలింగ్ కథ ఇంకా పాతది, 1928లో అమెరికా ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థ నాకాలో ఫ్రెడ్ వీక్ బృందం చేసిన ప్రయోగాల దాకా పోతుంది. ఆ చరిత్ర చెబితే ఒక పుస్తకం. మనకు కావలసింది పనితనం.

ఆ పనితనానికి గురువంటూ ఒకరుంటే అది టోనీ బింగెలిస్. ఈఏఏ పత్రికలో ఆయన ఏళ్ళ తరబడి రాసిన వ్యాసాలు, 'ఫైర్‌వాల్ ఫార్వర్డ్' పుస్తకం ఇప్పటికీ షెడ్డుల్లో నల్లటి వేలిముద్రలతో కనిపిస్తాయి. రేకు ఎక్కడ వంచాలో, రబ్బరు పట్టీ ఎటు తిరగాలో బొమ్మ గీసి చూపించిన మనిషి. ఇంజనీరింగ్ డిగ్రీలున్నవాళ్ళు పది పేజీల్లో చెప్పలేనిది ఆయన ఒక్క బొమ్మలో చెప్పేశారు!

ఈ బడిలో మొదటి పాఠం: మీటరును నమ్మొద్దు. సెన్సర్ విప్పి మరిగే నీళ్ళలో ముంచాలి. సముద్ర మట్టంలో అది 100 చూపాలి. 110 చూపిస్తే జబ్బు ఇంజిన్‌ది కాదు, మీటరుది. తర్వాత వంతు వెర్నథెర్మ్ అనే వేలెడంత వాల్వుది. ఆయిల్ చల్లగా ఉన్నంతసేపూ అది ఆయిల్‌ను చల్లబరిచే కూలర్‌ను తప్పించి పక్కదారి తెరిచి ఉంచుతుంది. 85 డిగ్రీలకు అటూఇటూగా సాగి ఆ దారి మూసేస్తుంది. అది కూర్చునే అంచు అరిగిందా, కాగిన ఆయిల్ కూలర్ మొహం చూడకుండానే ఇంజిన్‌లోకి తిరిగి వచ్చేస్తుంది. దీన్నీ పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు కాచి, ఎంత సాగుతోందో కాలిపర్‌తో కొలిచి చూస్తారు. వంటింటి సామానుతో తేలిపోయే ఈ పరీక్షలు మానేసి కొత్త కూలర్‌కి ఆర్డర్ పెట్టేవాళ్ళను ఏమనాలి?

అసలు విద్య బాఫిల్స్‌ది. ఇంజిన్ చుట్టూ పలచని అల్యూమినియం రేకులతో కట్టే గోడలివి. ముందు నుంచి దూరిన గాలి ఇంజిన్ పైన పోగై, సిలిండర్ల ఫిన్ల మధ్య నుంచీ కూలర్ గుండానూ కిందికి దిగాలి. దించేది పైనా కిందా ఉన్న ఒత్తిడి తేడా మాత్రమే. ఆ తేడా ఎంత చిన్నదో చూడండి. సముద్ర మట్టం గాలిలో గంటకు 296 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ముందు నుంచి తోసే గాలి ఒత్తిడి దాదాపు 42 సెంటీమీటర్ల నీటిమట్టానికి సమానం. 167 కిలోమీటర్ల వేగంతో పైకెక్కుతున్నప్పుడు అది 13 సెంటీమీటర్లే. ఇంజిన్ పూర్తి బలంతో సెగలు కక్కే సమయానికే గాలి బలం మూడో వంతుకు పడిపోతోంది. అందుకే పెన్సిలు దూరే సందు కూడా దొంగే. సందులు వదిలేసి పెద్ద కూలర్ బిగించడమంటే అడుగున చిల్లి ఉన్న బిందె కింద పెట్టి పంపు ఇంకాస్త తిప్పడమే.

పాతకాపులు సందులు పట్టే తీరు చూసి తీరాలి. కౌలింగ్ మూసి, లోపల దీపం పెట్టి, షెడ్డులో లైట్లు ఆర్పేస్తారు. వెలుగు ఎక్కడ చీలి కనబడితే అక్కడ సిలికాన్ పూస్తారు. కొన్ని ఫ్లైట్ల తర్వాత కౌలింగ్ విప్పి లోపలి వైపు చూస్తారు. బాఫిల్స్ అంచున ఉండి కౌలింగ్‌కు ఆనే రబ్బరు పట్టీ రాసుకున్న నల్లటి గీత ఎక్కడా తెగకుండా ఉంటే పని బాగున్నట్టు. గీత తెగిన చోట పట్టీ మడత తిరగబడి గాలి కారిపోతోందన్నమాట. సిలిండర్ ఫిన్ల మధ్య పోతపోసినప్పుడు మిగిలిన లోహపు పొర ఉంటే సన్నటి ఆకురాయితో గంటల తరబడి గీకుతారు. ఈ ఓపికకు దండం పెట్టాలి.

వచ్చిన గాలి బయటికి పోయే దారి కూడా చూడాలి. కింద గాలి నిలిచిపోతే పైన ఎంత ఒత్తిడి ఉన్నా కూలర్‌లోంచి ఏమీ దిగదు. ఇంజిన్ వెనకుండే ఫైర్‌వాల్ అనే గోడ మీద బిగించిన కూలర్‌కి మూడు అంగుళాల గొట్టం బదులు నాలుగు అంగుళాలది వేస్తే గాలి దారి దాదాపు 78 శాతం పెరుగుతుంది. అంత చిన్న మార్పుతో దారికొచ్చిన ఇంజిన్లున్నాయి. ఒత్తిడి కొలవడానికి సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో రంగునీళ్ళు చాలు. కాలిఫోర్నియాలోని కేఫ్ ఫౌండేషన్ వాళ్ళు కౌలింగుల లోపలి ఒత్తిళ్ళను పట్టుదలగా కొలిచి అందరికీ పంచిపెట్టారు.

రబ్బరు పట్టీలు మేలా, ఇంజిన్ మీద గట్టి మూతలా బిగించే ప్లీనమ్ మేలా అన్న తగవు తెగేది కాదు. ఈ వ్యాసకర్త ఓటు ప్లీనమ్‌కే. రబ్బరు వేడికి బిరుసెక్కుతుంది, మూత ఎక్కదు. స్పార్క్ ప్లగ్గు తీయాలంటే మూత విప్పాలని గొణిగేవాళ్ళు గొణగనీ. నీళ్ళతో చల్లబరిచే ఇంజిన్ల వర్గం వాళ్ళయితే వాయేజర్ పేరు చెప్పి మీసం మెలేస్తారు. నిజమే, 1986లో ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టిన ఆ బర్ట్ రూటన్ విమానంలో వెనక ఇంజిన్ ద్రవంతో చల్లబడేదే. అలాగని గాలితో చల్లబడే ఇంజిన్లు తీసిపోయాయా? డాన్ టేలర్ సొంత విమానం థార్ప్ టీ-18లో 1976లోనే ప్రపంచాన్ని చుట్టొచ్చారు. ఆస్ట్రేలియా పైలట్ జాన్ జొహాన్సన్ 2003లో తన ఆర్‌వీ-4తో దక్షిణ ధ్రువం మీదుగా ఎగిరారు.

ఇంతటి విద్య ఉండగా ఇప్పుడు జరుగుతున్నదేమిటి? ఆయిల్ కాగిందనగానే కౌలింగ్ కింద రంపం పెట్టి కంత కొయ్యడం. చాలకపోతే ఇంకో కంత. ఆపైన గాలి పోయేందుకు లూవర్లనే నాలుగు చీలికలు. ఒక్కసారైనా ఒత్తిడి కొలిచారా అంటే లేదు. చవగ్గా వస్తోందని కార్లకు చేసిన, ఊరూపేరూ లేని కూలర్‌ను విమానానికి తగిలించడం మరీ ఘోరం. విమానం ఇంజిన్ అదురుకు అతుకు విచ్చుకుంటే కాగిన ఆయిల్ కారేది ఎగ్జాస్ట్ గొట్టాల మీదే. రోడ్డు మీద బండి పక్కకు ఆపొచ్చు, ఆకాశంలో ఎక్కడ ఆపుతారు? మంచి కూలర్‌ను కూడా వెనక బాఫిల్‌కి బలమివ్వకుండా వేలాడదీస్తే ఆ పలచని రేకు పగులుతుంది. డబ్బులిచ్చి విమానం కట్టించుకుని, పేరు మాత్రం తమది వేసుకునే ధోరణి కూడా పెరిగింది. తన చేత్తో రేకు వంచనివాడికి సందు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

అమెరికాలో, ముఖ్యంగా షికాగో, మిల్వాకీ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళకు ఒక మాట. ఏటా జూలై చివర ఆష్‌కాష్‌లో ఈఏఏ పెద్ద జాతర జరుగుతుంది. పిల్లల్ని తీసుకెళ్ళండి. జెట్ల విన్యాసాలు చూశాక హోంబిల్ట్ విమానాల వరుసలోకి నడవండి. కౌలింగ్ తెరిచి ఉంచిన పెద్దాయన ఎవరైనా కనబడితే బాఫిల్స్ ఎలా కట్టారో అడగండి. అక్కడ వర్క్‌షాపుల్లో పిల్లలకు రివెట్లు కొట్టడం కూడా నేర్పిస్తారు.