వెయ్యి సతోషీల మీద మరో రెండు వందలు

బిట్‌కాయిన్ పంపేటప్పుడు ఫీజు తక్కువ వేసి ఇరుక్కోవడం మామూలే. సగటున పది నిమిషాలకో బ్లాకు వస్తుంది. అందులో చోటు కొంచెమే, ఎక్కువ ఫీజు కట్టినవాళ్లు ముందెక్కుతారు. మిగిలిన లావాదేవీలు మెంపూల్ అనే నిరీక్షణ వరుసలో పడి ఉంటాయి. ఆ మెంపూల్ కూడా ఒకచోట ఉండదు, నెట్‌వర్క్‌ను నడిపే నోడ్ అనే యంత్రాల్లో దేనిది దానికే. వెళ్లి అడగడానికి కౌంటర్ లేదు, రద్దు చేయించడానికి మేనేజరూ లేడు. "ఇందాకటిది వదిలేసి దీన్ని తీసుకోండి" అంటే ఒకరినొకరు నమ్మని వేల యంత్రాలు ఎందుకు వినాలి?

బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషి నకమోటో మొదటి ప్రోగ్రామ్‌లోనే దీనికో ఏర్పాటు ఉండేది. లావాదేవీలోని ప్రతి ఇన్‌పుట్‌కూ సీక్వెన్స్ అనే అంకె ఉంటుంది. పెద్ద అంకెతో వచ్చింది పాతదాన్ని తోసేయాలి. చూడ్డానికి ముచ్చటైన ఆలోచనే. కానీ అది 32 బిట్ల అంకె. పైసా అదనంగా కట్టకుండా ఒకే లావాదేవీని 400 కోట్లకు పైగా సార్లు మార్చి, నెట్‌వర్క్ మొత్తాన్నీ ముంచేయవచ్చు. 2010లో దాన్ని ఆపేశారు.

2015 చివర్లో డేవిడ్ హార్డింగ్, పీటర్ టాడ్ రాసిన బిప్ 125 అనే ప్రతిపాదన ఆ తలుపును మళ్లీ తెరిచింది. 2016లో, నోడ్లు ఎక్కువగా వాడే బిట్‌కాయిన్ కోర్ ప్రోగ్రామ్ 0.12 వెర్షన్‌తో అది అమల్లోకి వచ్చింది. మూలపడిన ఆ సీక్వెన్స్ అంకెనే గుర్తుగా వాడుకున్నారు: ఒక్క ఇన్‌పుట్‌లోనైనా అది గరిష్ఠం కన్నా కనీసం రెండు తక్కువుంటే, "దీన్ని మార్చవచ్చు" అని పంపినవారు ఒప్పుకున్నట్టు. ఒకటి తక్కువ చాలదా? ఫలానా సమయానికి ముందు బ్లాకెక్కకుండా ఆపే లాక్‌టైమ్ కోసం అప్పటికే కొన్ని వాలెట్లు ఆ అంకెను వాడుతున్నాయి. వాటి జోలికి పోకుండా ఒక మెట్టు కింద గీత గీశారు. పాత ఇంట్లో గోడ కొట్టకుండా కొత్త గది వేసిన మేస్త్రీ చెయ్యి ఇందులో కనిపిస్తుంది.

అసలు పనితనం ఫీజు లెక్కలో ఉంది. 200 వర్చువల్ బైట్ల లావాదేవీకి 1,000 సతోషీలు (బిట్‌కాయిన్‌లో అతి చిన్న ముక్కలు) కట్టారనుకుందాం. అంతే పరిమాణంలో దాని బదులు పంపేది, 2025 దాకా కోర్‌లో ఉన్న మామూలు రేటుతో, కనీసం 1,200 కట్టాలి. పాత వెయ్యి ఎందుకంటే, పాతదాన్ని నోడ్లన్నీ ఇప్పటికే మోశాయి. ఆ మోతకు పూచీ ఆ ఫీజు ఒక్కటే, అది జారిపోకూడదు. పై 200 ఈ కొత్తదాన్ని మోయడానికి, బైటుకో సతోషి చొప్పున. ఎవరు నిజాయితీపరుడో, ఎవరు కొంటెవాడో తేల్చే పని నోడ్‌కు లేదు. ఎన్నిసార్లయినా మార్చుకో, ప్రతిసారీ రేటు పెంచు. 2010 నాటి గండికి ఇంతకన్నా పొదుపైన అడ్డుకట్ట నాకు తోచదు.

బిప్ 125లోని ఇంకో నిబంధన ప్రకారం ఒక మార్పు వందకు మించి లావాదేవీలను తోసేయకూడదు. అది నోడ్ శ్రమను అదుపులో ఉంచడానికి. ఇథీరియమ్‌లో గెత్ ప్రోగ్రామ్ పద్ధతి ఇంకా సూటి: ఖాతాలో అదే నాన్స్‌తో (లావాదేవీ వరుస సంఖ్యతో), మామూలుగా పది శాతం ఎక్కువ ధరతో మళ్లీ పంపితే చాలు.

అయితే బిట్‌కాయిన్ పూచీ లెక్కలోనే ఒక మెలిక ఉంది. మీరు పంపినది కన్ఫర్మ్ కాకముందే అందుకున్నవాడు దాన్ని ఖర్చుపెడుతూ 20,000 బైట్ల పిల్ల లావాదేవీ తగిలించి, బైటుకు ఒక్క సతోషి కట్టాడనుకోండి. అంత చవక రేటుకు, బ్లాకులు కట్టే మైనర్లు దాన్ని త్వరగా ముట్టుకోరు. కానీ మీరు మీదాన్ని మార్చాలంటే ఆ 20,000 కూడా కలిపి 21,200 కట్టాలి. దీన్ని పిన్నింగ్ అంటారు. గడువులోగా లావాదేవీ బ్లాకెక్కకపోతే డబ్బే పోయే, బిట్‌కాయిన్ మీద కట్టిన చెల్లింపుల వ్యవస్థ లైట్నింగ్‌లోని ఛానళ్లకు ఇది నిజమైన ముప్పు.

గుర్తు సంగతి కాలక్రమంలో తేలిపోయింది. గుర్తు లేకున్నా ఎక్కువ ఫీజున్నదాన్ని తీసుకోకుండా మైనర్‌ను ఆపేదెవరు? 2022లో కోర్ 24.0 ఆ గుర్తును పట్టించుకోకుండా ఉండే వీలిచ్చింది. 2024 అక్టోబరులో 28.0 అదే మామూలు పద్ధతిగా పెట్టింది. పిన్నింగ్‌కు మందు కూడా ఆ 28.0లోనే వచ్చింది. వెర్షన్ 3 అని రాసి పంపిన లావాదేవీకి కన్ఫర్మ్ కాని పిల్ల ఒక్కటే ఉండాలి, అదీ 1,000 వర్చువల్ బైట్లకు మించకూడదు. బైటుకు ఒక సతోషి లెక్కన ఇందాకటి 21,200 ఇప్పుడు 2,200కు దిగుతుంది.